ఇంట్లో క్యాన్సర్ పేషెంటు సేవ: సిస్టర్లు, చూసుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి (గుంటూరు, విజయవాడ)

బ్రాడీపేట_నాలుగోలైను | శుక్రవారం, రాత్రి 10:50

అందరికీ నమస్కారం. మా నాన్నగారికి బుగ్గ క్యాన్సర్. మిర్చి యార్డులో గుమస్తాగా చేసి మానేశారు. కుర్రతనం నుంచీ నోట్లో పొగాకు ఉండాల్సిందే. ఆపరేషనూ రేడియేషనూ అయ్యాక మళ్లీ తిరగబెట్టింది. ఇక కీమో తట్టుకోలేరు, ఇంటికి తీసుకెళ్లి నొప్పి లేకుండా చూసుకోండి అన్నారు. ముక్కులోంచి ట్యూబు వేశారు. చెంప మీద పుండు బయటికి తెరుచుకుంది.

ఆ నొప్పి లేకుండా చూసుకోవడం ఎట్లాగో మాత్రం ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. డిశ్చార్జి కాగితం మీద మందుల పేర్లున్నాయి, అంతే. ఇళ్లకి నర్సుల్ని పంపే బ్యూరో వాళ్లు ఒకమ్మాయిని పంపారు. మంచి పిల్లే, కానీ కట్టు విప్పగానే ముక్కు మూసుకుని పక్కకి తిరుగుతోంది. నాన్న అది చూస్తున్నారు. ఆయన మాట్లాడలేరు, పలక మీద రాస్తారు. నిన్న "కిటికీ తియ్యి, పిల్లకి ఇబ్బంది" అని రాశారు.

వాసనకి ఏం చేయాలి? మార్ఫిన్ రాశారు కానీ మా బాబాయి అది చివర్లో ఇచ్చేది, అలవాటైపోతుంది అని భయపెడుతున్నాడు. ఇంకో సంగతి కూడా. జబ్బు తిరగబెట్టిందని నాన్నకి చెప్పనివ్వడం లేదు మా తమ్ముడు. ఇన్ఫెక్షన్ అని చెప్పాం. ఆయన నమ్మినట్టే ఉన్నారు, నాకే నిద్ర పట్టడం లేదు.

నైట్‌డ్యూటీ_సిస్టర్ | శనివారం, తెల్లవారుజాము 3:15

అమ్మా, నేను క్యాన్సర్ వార్డులో స్టాఫ్ నర్సుని. ముందు ఆ బ్యూరో అమ్మాయి సంగతి. ఆ పిల్లని మార్చకండి. వాసనకి మొహం తిరిగిపోవడం ఎవరికైనా జరిగేదే, దానికో పద్ధతి నేర్పితే సరిపోతుంది. మా వార్డుకి కొత్తగా వచ్చిన పిల్లలకి మొదట చెప్పేది ఇదే. మాస్కు గది బయటే పెట్టుకుని లోపలికి రావాలి, కావాలంటే లోపలివైపు కాస్త జండూబామ్ రాసుకోవచ్చు. కట్టు విప్పాక మాస్కు వెతుక్కుంటే పేషెంటుకి అర్థమైపోతుంది. అలాగే గాజ్ గుడ్డ, కత్తెర, ప్లాస్టరు అన్నీ ట్రేలో సర్దుకున్నాకే కట్టు మీద చెయ్యి వెయ్యాలి. విప్పేసి కత్తెర కోసం వంటింట్లోకి పరిగెత్తకూడదు. పుండు తెరిచి ఉన్నంతసేపూ ఆయన చూసేది మీ మొహాన్నే.

కట్టు మార్చడానికి అరగంట ముందు నొప్పి మందు పడాలి. ఇది చాలామంది పట్టించుకోరు. ఎండి అతుక్కుపోయిన గుడ్డని లాగొద్దు, రక్తం వస్తుంది. ఉప్పునీళ్లతో బాగా నానబెట్టి, దానంతటది వదిలేదాకా ఆగండి. అర లీటరు నీళ్లకి ఒక టీస్పూను ఉప్పు వేసి, కాచి చల్లార్చి వాడుకోవచ్చు. డెట్టాలు, హైడ్రోజన్ పెరాక్సైడ్ లాంటివి పొయ్యకండి, మంట తప్ప ఒరిగేదేం లేదు.

వాసన వచ్చేది చచ్చిపోయిన కండలో పెరిగే బాక్టీరియా వల్ల. దానికి మెట్రోనిడజోల్ బాగా పనిచేస్తుంది. మాత్రలు మెత్తగా పొడి చేసి, పుండు కడిగాక పైన చల్లుతాం. మీ డాక్టరుగారిని అడిగి మొదలుపెట్టండి, కొద్ది రోజుల్లోనే తేడా తెలుస్తుంది. అగరొత్తులు వెలిగించకండి. ఆ పొగకి దగ్గొస్తుంది, పైగా రెండు వాసనలూ కలిసి ఇంకా ఘోరంగా ఉంటుంది. మంచం కింద పళ్లెంలో బొగ్గులు పెట్టుకోండి, కిటికీ తీసి ఉంచండి, దోమతెర మాత్రం పగలు కూడా వేసి ఉంచండి. ఈగ వాలితే పుండులో పురుగులు పడతాయి. చదవడానికి కష్టంగా ఉంటుందని తెలుసు. కానీ ముందే చెప్పకపోతే అది చూసిన రోజు ఇంట్లోవాళ్లు తట్టుకోలేరు. అట్లా జరిగినా కంగారు పడకండి, ఆసుపత్రిలో తీసేస్తారు.

ఇంకొక్క మాట, ఇది మీ నాన్నగారి ముందు చదవకండి. మెడ, చెంప పుండ్లలో ఒక్కోసారి పెద్దగా రక్తం పోతుంది. అందరికీ కాదు. అయినా ముదురు ఎరుపో నీలమో రంగు తువాళ్లు నాలుగు చేతికందేట్టు పెట్టుకోండి. తెల్ల దుప్పటి మీద కొంచెం రక్తం కూడా చాలా ఎక్కువగా కనిపిస్తుంది, పేషెంటు హడలిపోతాడు. ముదురు తువాలుతో గట్టిగా అదిమి పట్టి, పక్కకి తిప్పి పడుకోబెట్టి, పక్కనే ఉండి చెయ్యి పట్టుకుని ఫోన్ చెయ్యండి.

మార్ఫిన్ గురించి రేపు రాస్తాను, బెల్లు మోగుతోంది.

తెనాలి_ప్యాసింజరు | శనివారం, ఉదయం 7:05

సిస్టర్‌గారు చెప్పిన ముదురు తువాళ్ల సంగతి మాకు ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే ఆ రాత్రి ఇంకోలా ఉండేది.

మా అమ్మకి గొంతు దగ్గర వస్తే ట్యూబుతోనే గడిపాం, ఆ పని నాకొచ్చు. కూర్చోబెట్టి, లేదా తల వైపు దిళ్లు ఎత్తుగా పెట్టి మాత్రమే పొయ్యాలి. పోశాక అరగంటైనా పడుకోబెట్టకూడదు. ముక్కు దగ్గర ట్యూబు మీద పెన్నుతో గీత పెట్టించుకోండి, ప్రతిసారీ ముందు ఆ గీత చూసుకోండి. జరిగితే పొయ్యొద్దు. దగ్గు వచ్చినా ఆపేయాలి. సిరంజి మొత్తం ఒక్కసారి నొక్కకుండా, పైకెత్తి పట్టుకుంటే దానంతటదే దిగుతుంది. చివర్లో మంచినీళ్లు పోస్తే ట్యూబు మూసుకుపోదు.

రాగి జావ, పప్పుకట్టు, మెత్తగా మిక్సీ వేసిన అన్నం మజ్జిగ, అన్నీ పల్చటి గుడ్డలో వడకట్టాకే. మిక్సీలో నలిగిందనుకున్న కరివేపాకు ఈనె ఒక్కటి చాలు, ట్యూబు బిగుసుకుపోవడానికి.

నాకు బాగా గుర్తున్న సిస్టర్ ఒకావిడ ఉంది. ట్యూబులో పోసే ముందు "పిన్నీ, ఇవాళ టమాటా పప్పుకట్టు" అని అమ్మకి చెప్పి, గిన్నె ముక్కు దగ్గర పెట్టి వాసన చూపించేది. నాలిక మీద నాలుగు చుక్కలు తగలనివ్వచ్చా అని డాక్టర్ని అడిగి మరీ తగలనిచ్చింది. మిగతావాళ్లకి అది 200 మిల్లీలీటర్ల ఫీడు.

కృష్ణలంక_కరకట్ట | శనివారం, ఉదయం 9:40

అందరూ సిస్టర్లని పొగుడుతున్నారు గానీ నా అనుభవం వేరు. మా ఆవిడకి రొమ్ము క్యాన్సర్, బెజవాడలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో కీమో. ఆ ఎర్ర మందు ఎక్కుతుంటే చెయ్యి మండుతోందమ్మా అని చెప్పింది. "కీమో అంటే అట్టాగే ఉంటుంది, ఓర్చుకోవాలి" అని ఫోన్ చూసుకుంటూ వెళ్లిపోయింది నర్సు. నేను వెళ్లి గట్టిగా అడిగితే నా మీద అరిచింది. మధ్యాహ్నానికి చెయ్యి వాచి, తర్వాత బొబ్బలెక్కి, మానడానికి నెలలు పట్టింది. దయ, జాలి అన్నీ తర్వాత. ముందు చెప్పింది వినమనండి.

నైట్‌డ్యూటీ_సిస్టర్ | శనివారం, మధ్యాహ్నం 2:30

> "ముందు చెప్పింది వినమనండి"

అన్నా, మీ మాట నూటికి నూరుపాళ్లు నిజం. ఆ సిస్టర్‌ని వెనకేసుకు రాను. ఎర్ర మందు, అంటే డాక్సోరుబిసిన్, నరం లోంచి బయటికి కారితే కండని కాల్చేస్తుంది. పేషెంటు మంట అన్న క్షణంలో ఆపేయాలి, సూది తీసేయకముందే లోపల మిగిలిన మందు వెనక్కి లాగాలి, డాక్టర్ని పిలవాలి. ఎక్కించే ముందు రక్తం వెనక్కి వస్తోందో లేదో చూసుకోవాలి, ఎక్కుతున్నంతసేపూ పక్కనుండాలి. ఇది దయకి సంబంధించిన విషయం కాదు, డ్యూటీ. చదివేవాళ్లలో ఎవరైనా కీమో తీసుకుంటుంటే గుర్తుపెట్టుకోండి. మంట, వాపు, బిగుతు, ఏదనిపించినా గట్టిగా చెప్పండి. సిస్టర్ విసుక్కున్నా ఫర్వాలేదు, చెప్పండి. నరాలు సన్నగా ఉంటే కీమో పోర్టు (మందు ఎక్కించడానికి చర్మం కింద అమర్చేది) పెట్టించుకోవచ్చా అని ముందే అడగండి.

అదే మందుకి ఒకట్రెండు రోజులు మూత్రం ఎర్రగా వస్తుంది. అది మందు రంగే. ఇది చెప్పకపోవడం వల్ల అర్ధరాత్రి ఆటో కట్టించుకుని వచ్చిన కుటుంబాలని ఎంతమందిని చూశానో. జ్వరం అట్లా కాదు. కీమో తర్వాత 100.4 డిగ్రీలు (ఫారెన్‌హీట్) దాటితే పారాసెటమాల్ వేసి పొద్దున చూద్దాం అనుకోకండి, అప్పుడే రండి. తెల్ల కణాలు పడిపోయి ఉంటే గంటల్లో విషమిస్తుంది.

పటమట_పిన్ని | శనివారం, సాయంత్రం 4:10

కృష్ణలంక బాబూ, మీ ఆవిడ చెయ్యి ఇప్పుడెలా ఉంది? ఆ వైపు చంకలో గడ్డలు తీసి ఉంటే డాక్టర్ని అడక్కుండా పెద్ద బరువులు మొయ్యనివ్వకు.

నాకూ అదే జబ్బు, బయటపడ్డాను. నా సిస్టర్ కథ చెప్తా. జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడుతుంటే దిండు చూసి ఏడుస్తూ కూర్చున్నా. ఆ పిల్ల వచ్చి ధైర్యం చెప్పలేదు, మళ్లీ వస్తుందిలే అమ్మా అననూ లేదు. దువ్వెన తెచ్చి, రాలేవన్నీ మెల్లగా దువ్వి ఒక కాగితంలో కట్టి, "పిన్నిగారూ, మిగిలింది తీసేయమంటారా, రేపటిదాకా ఉంచమంటారా?" అంది. ఉంచమన్నా. సరే అని వెళ్లిపోయింది. మర్నాడు నేనే పిలిచి తీయించుకున్నా. మా ఆడపడుచు మాత్రం తిరుపతి మొక్కు అనుకో వదినా అని వారం రోజులు ప్రాణం తీసింది!

జబ్బొచ్చాక మనల్ని ఎవరూ ఏదీ అడగరు. తినమంటారు, పడుకోమంటారు, స్కానింగుకి నడవమంటారు. ఆ పిల్ల అడిగింది, అందుకే గుర్తుంది.

అమరావతిరోడ్_డాక్టరు | శనివారం, రాత్రి 8:25

మార్ఫిన్ గురించి నేను రాస్తాను. బ్రాడీపేటమ్మా, మీ బాబాయిగారి భయం మన ఊళ్లో ఇంటింటా ఉన్నదే, కొంతమంది డాక్టర్లకి కూడా ఉంది. మార్ఫిన్ చావు దగ్గరపడ్డాక ఇచ్చే మందు కాదు. నొప్పి ఎక్కువైతే ఇచ్చే మందు. నెలల తరబడి మార్ఫిన్ మీద ఉండి ఇంట్లో తిరుగుతూ, పేపరు చదువుకుంటూ ఉన్నవాళ్లున్నారు. డాక్టరు చూస్తూ కొలత ప్రకారం నొప్పికి వాడితే వ్యసనంగా మారడం అరుదు.

మామూలు మార్ఫిన్ మాత్ర నాలుగు గంటలు పనిచేస్తుంది, అందుకే నాలుగు గంటలకోసారి రాస్తారు. నొప్పి వచ్చాక వేద్దాం అని ఆపితే మొత్తం దెబ్బతింటుంది. గడియారం ప్రకారం ఇవ్వాలి అన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లో క్యాన్సర్ నొప్పికి ఇచ్చిన పద్ధతిలోనే ఉంది. దానికంటే చాలా ముందే లండన్‌లో సిసిలీ సాండర్స్ అదే పట్టుకుని కూర్చుంది. ఆవిడ మొదట నర్సు. నడుము నొప్పి వల్ల నర్సింగ్ మానేసి, సోషల్ వర్కర్ అయి, తర్వాత మెడిసిన్ చదివి డాక్టరై, 1967లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పీస్ (చివరి దశ రోగులని నొప్పి లేకుండా చూసుకునే చోటు) మొదలుపెట్టింది. వార్డులో రాత్రంతా పేషెంటు పక్కనుండే మనిషికి మాత్రమే తెలిసే విషయం అది, నొప్పి ఏ వేళకి తిరిగొస్తుందో.

మొదటి కొద్ది రోజులు మగతగా, వికారంగా ఉంటుంది, తగ్గుతుంది. మలబద్ధకం మాత్రం తగ్గదు, అందుకే విరేచనం మందు మొదటి రోజు నుంచే వెయ్యాలి. ముఖ్యంగా మీకు, ట్యూబు ఉంది కాబట్టి చెప్తున్నా. ఎస్ఆర్ అని రాసి ఉన్న మాత్రలు నలిపి ట్యూబులో వెయ్యకూడదు. పన్నెండు గంటలు మెల్లగా విడుదల కావాల్సింది ఒక్కసారిగా ఒంట్లోకి వెళ్తుంది, ప్రమాదం. మామూలు మాత్రలైతే నలపవచ్చు. ఏది రాశారో చీటీ చూసుకోండి. పిలిచినా లేవనంత మత్తుగా ఉన్నా, ఊపిరి బాగా నెమ్మదించినా తర్వాతి డోసు ఆపి వెంటనే ఫోన్ చెయ్యండి.

మోడరేటరు | శనివారం, రాత్రి 8:40

డాక్టరుగారికి ధన్యవాదాలు. సభ్యులకు మనవి: ఎవరూ మిల్లీగ్రాముల లెక్కలు ఇక్కడ రాయవద్దు.

లక్ష్మీపురం_పెద్దాయన | శనివారం, రాత్రి 9:30

కొంచెం పక్కదారి, క్షమించాలి. మా నాయనమ్మ కుగ్లర్ ఆసుపత్రిలో నర్సు. అన్నా సారా కుగ్లర్ అనే అమెరికా డాక్టరమ్మ 1883లో గుంటూరు వచ్చి, 1898లో ఆ ఆసుపత్రి తెరిచింది. 1930లో పోయేదాకా ఆవిడ పని ఇక్కడే. ఆడవాళ్లు మగ డాక్టరుకి నాడి చూపించని రోజుల్లో ఈ ఊరి ఆడవాళ్లకి దిక్కు ఆ ఆసుపత్రి. మా నాయనమ్మ ఇంటికొచ్చినా చేతులు మోచేతుల దాకా కడుక్కునే అన్నం ముట్టేది. నర్సు పని అంటే మొహం చిట్లించే బంధువులు అప్పుడూ ఉండేవారు, వాళ్లే జ్వరమొస్తే మా గుమ్మంలో ఉండేవారు. నర్సింగ్‌లో గుంటూరుకి ఇంత చరిత్ర ఉంది, ఇప్పటి పిల్లలకి ఆ శ్రద్ధ లేదేం అనిపిస్తుంది.

నైట్‌డ్యూటీ_సిస్టర్ | శనివారం, రాత్రి 11:55

పెద్దాయనగారూ, శ్రద్ధ ఉంది. చేతులు లేవు. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ లెక్క ప్రకారం బోధనాసుపత్రిలో ముగ్గురు పేషెంట్లకి ఒక నర్సు, మామూలు ఆసుపత్రిలో ఐదుగురికి ఒకరు. ఏ వార్డుకైనా రాత్రిపూట వెళ్లి మంచాలు లెక్కపెట్టి, తెల్ల కోట్లు లెక్కపెట్టండి. నా వార్డులో ఒకవైపు ప్లేట్‌లెట్లు ఎక్కుతుంటాయి, ఒకవైపు కొత్త అడ్మిషను, ఇంకోవైపు ప్రభుత్వ ఆరోగ్య స్కీమ్ కేసు షీట్లు రాయాలి, అది ఆన్‌లైన్లో ఎక్కకపోతే పొద్దున నన్నే అడుగుతారు. అప్పుడు ఒక పెద్దావిడ "కాసేపు కూర్చోవే తల్లీ" అంటుంది. కూర్చోలేక వెళ్లిపోయే ప్రతి సిస్టరూ మొరటుది కాదు.

అయితే ఇది సాకుగా వాడుకునేవాళ్లు కూడా ఉన్నారు, అది నాకు తెలుసు. చెయ్యి వాస్తోందంటే ఓర్చుకోమనడానికి స్టాఫ్ కొరత కారణం కాదు.

బ్రదర్_సత్తెనపల్లి | ఆదివారం, ఉదయం 6:50

నేను మేల్ నర్సుని. బీఎస్సీ నర్సింగ్. బ్యూరోల గురించి చెప్పాలి. వాళ్లు పంపే పిల్లల్లో చాలామంది నర్సులు కారు, పదో తరగతి చదివి కొన్నాళ్లు ఏదో నర్సింగ్ హోమ్‌లో ఆయాగా చేసినవాళ్లు. తప్పు వాళ్లది కాదు, నర్సు అని బిల్లు వేసే బ్యూరోది. తుడవడం, తిప్పడం, బట్టలు మార్చడం చక్కగా చేస్తారు. కానీ ఇంజెక్షన్లు, ట్యూబు మార్చడం వాళ్లతో చేయించకండి. జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా), బీఎస్సీ నర్సింగ్ చదివినవాళ్లకి రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉంటుంది, అడిగి చూడండి. నిజం నర్సైతే చూపించడానికి మొహమాటపడరు.

రెండు గంటలకోసారి పక్కకి తిప్పుతున్నారా? వీపు కింద, మడమల దగ్గర, తోకెముక దగ్గర ఎర్రబడిందేమో రోజూ స్నానం చేయించేటప్పుడు చూసుకోండి. ఎర్రదనం వేలితో నొక్కితే పోకపోతే పుండు మొదలవుతోందని అర్థం. అక్కడ నూనె పెట్టి గట్టిగా మర్దనా చేస్తుంటారు, అది చెయ్యకూడదు. లోపల కండ ఇంకా నలుగుతుంది. ట్యూబుని ముక్కుకి అంటించిన ప్లాస్టరు రోజూ మార్చి, కొంచెం జరిపి అంటించండి. ఒకేచోట ఒరుసుకుంటే ముక్కుపుట చీలి పుండవుతుంది.

ఇక నోరు. నోటి క్యాన్సర్ కాబట్టి నోరు ముట్టుకోవడానికి అందరూ భయపడతారు. ఉప్పు, వంటసోడా కలిపిన గోరువెచ్చటి నీళ్లలో గాజ్ ముంచి, వేలికి చుట్టి, మెల్లగా తుడవాలి, రోజుకి నాలుగైదుసార్లు. పెదాలకి వ్యాజిలైన్. ఈ పని మీరే చెయ్యండి అక్కా, ఆ అమ్మాయికి వదలకండి. కూతురు చేస్తే ఆయన నోరు తెరుస్తారు.

బ్రాడీపేట_నాలుగోలైను | ఆదివారం, సాయంత్రం 5:20

అందరికీ ఎంతో రుణపడ్డాను. మాత్ర మామూలుదే, ఎస్ఆర్ కాదు. టైము ప్రకారం మొదలుపెట్టాం, నిన్న రాత్రి వరసగా నిద్రపోయారు. మా బాబాయి వచ్చి చూసి, ఇంత మత్తుగా ఉన్నారేంటి అన్నాడు. మత్తు కాదు బాబాయ్, ఆయన నిద్రపోయి ఎన్నాళ్లయిందో తెలుసా అన్నాను. మాట్లాడలేదు.

తమ్ముడి విషయంలో మాత్రం ఏం చేయాలో తెలియడం లేదు. ఎవరూ దాని గురించి రాయలేదు.

కొత్తపేట_కిరాణా | ఆదివారం, రాత్రి 7:45

మీ తమ్ముడు చెప్పింది కరెక్టు. మా అమ్మకి చివరిదాకా చెప్పలేదు. అల్సర్ అన్నాం. నలుగురు పిల్లలం ఒక మాట మీద ఉన్నాం, డాక్టర్లకీ సిస్టర్లకీ కూడా చెప్పిపెట్టాం. ఏ బెంగా లేకుండా హాయిగా పోయింది. చెప్పి ఆ మనిషిని ముందే చంపడం ఎందుకు?

నైట్‌డ్యూటీ_సిస్టర్ | సోమవారం, తెల్లవారుజాము 2:40

కొత్తపేట అన్నా, మీ అమ్మగారికి తెలియదని మీకెలా తెలుసు?

కోపంతో అడగడం లేదు. క్యాన్సర్ బోర్డున్న ఆసుపత్రిలో, అందరూ గుండు చేయించుకుని ఉన్న వార్డులో పడుకుని, నాకు అల్సర్ అనుకునే పేషెంటుని నేను చాలా తక్కువగా చూశాను. కొడుకులు కిందకి టీకి వెళ్లగానే అడుగుతారు. ఎక్కువగా ఇదిగో ఈ వేళప్పుడే, రెండూ మూడూ మధ్య. "అమ్మాయ్, నువ్వైనా నిజం చెప్పు, నాకు ఇక తగ్గదుగా?" అప్పుడు తలుపు దగ్గర ఇంట్లోవాళ్లు పెట్టించుకున్న ఒట్టు ఒకవైపు, ఈ మనిషి కళ్లు ఒకవైపు. మాకు పెట్టే అన్ని డ్యూటీల్లోకీ ఇది బరువు.

రోగం పేరు చెప్పడం నర్సు పని కాదు, అది డాక్టరు చేయాలి. కానీ అబద్ధం కూడా చెప్పను. "మీకేమనిపిస్తోంది బాబాయ్?" అని అడిగి ఊరుకుంటాను. ఆ తర్వాత వాళ్లే చెప్తారు. ఒకాయన "తెలుసులే, పిల్లోళ్లు భయపడతారని తెలీనట్టు ఉంటన్నా" అన్నాడు. ఇద్దరూ ఒకరికి తెలియకుండా ఒకరు ఏడుస్తున్నారు. అందరికీ చెప్పి తీరాలని నేననను. వినడం ఇష్టంలేని వాళ్లూ ఉంటారు, "అవన్నీ మావాడితో మాట్లాడండి" అని మొహం తిప్పుకుంటారు. అది వాళ్ల హక్కు. ఏది కావాలో ఆయన్నే అడగాలి, తమ్ముడు నిర్ణయించేది కాదు.

బ్రాడీపేటమ్మా, మీ నాన్నగారు పలక మీద రాస్తారు కదా. "జబ్బు గురించి ఏమైనా అడగాలనుందా నాన్నా?" అని రాసి పలక ఆయన చేతికివ్వండి. తుడిచేస్తే వదిలేయండి. ఏదైనా రాస్తే, దానికి మాత్రమే జవాబు చెప్పండి, అంతకు మించి ఒక్క ముక్క వద్దు. తమ్ముడికి ముందే చెప్పి, అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని చెయ్యండి. అతనికీ భయమే, అది కోపంలా బయటికొస్తోంది.

పటమట_పిన్ని | సోమవారం, ఉదయం 8:15

నాకు మా ఆయన చెప్పలేదు. స్కానింగు రిపోర్టు బీరువాలో చీరల కింద దాచాడు. ఆ బీరువా నాది! మగవాళ్ల తెలివి.

కొత్తపేట_కిరాణా | సోమవారం, ఉదయం 10:30

సిస్టర్‌గారు అడిగిన దానికి జవాబు. మా అమ్మ పోయే ముందు నెల్లో ఇత్తడి సామాను అంతా అటక మీంచి దింపించి, ఏ బిందె ఎవరికో చీటీలు అంటించింది. మేము పెద్దవయసు చాదస్తం అనుకున్నాం. ఇప్పుడు మీరడిగాక ఆలోచిస్తే తెలిసే ఉంటుందేమో అనిపిస్తోంది.

అయినా నా మాట నాదే. చెప్పకపోవడం వల్ల ఆమె మాతో చివరిదాకా మామూలుగా ఉంది, కోడళ్లని తిట్టింది, సీరియల్ చూసింది. చెప్పి ఉంటే ఇల్లంతా ఏడుపు అయ్యేది. అందరి ఇళ్లూ ఒకలా ఉండవు.

అమరావతిరోడ్_డాక్టరు | సోమవారం, మధ్యాహ్నం 1:50

కొత్తపేటవారితో వాదించను. కానీ ఒక చిక్కు ఉంది. జబ్బు చెప్పకపోతే మందు ఎందుకో చెప్పలేం, రేడియేషన్ ఎందుకు ఆపేశారో చెప్పలేం, పేషెంటు "ఇంత బిల్లు కడుతున్నారు, ఇన్ఫెక్షన్ తగ్గదేం" అని డాక్టర్నే అనుమానిస్తాడు. చివరి రోజుల్లో ఐసీయూలో పెట్టాలా, ఇంట్లో ఉండాలా అనేది కూడా ఆయన్ని అడగకుండా వేరేవాళ్లు తేల్చేస్తారు.

కేరళలో 1993లో కోజికోడ్‌లో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్, ఆయన మిత్రులు మొదలుపెట్టిన పాలియేటివ్ కేర్, అంటే జబ్బు తగ్గకపోయినా నొప్పీ బాధా తగ్గించే సేవ, ఈరోజు ఊరూరా నర్సు ఇంటికే వచ్చే పద్ధతిగా మారింది. ట్యూబు మార్చడం, కట్టు కట్టడం, ఇంట్లోవాళ్లతో ఈ మాటలన్నీ మాట్లాడటం, అంతా ఆ నర్సే చూస్తుంది, డాక్టరు వెనకుంటాడు. ప్రపంచం మొత్తం మీద ఇలాంటి సేవ అవసరమైనవాళ్లలో దాదాపు 14 శాతం మందికే అందుతోందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. మన జిల్లాల్లో ఇంటికొచ్చే నర్సు ఇంకా అదృష్టం మీద ఆధారపడే విషయమే. హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో పాలియేటివ్ విభాగం చాలా ఏళ్లుగా బాగా నడుస్తోంది. మీకు దగ్గర్లో గుంటూరు పెద్దాసుపత్రిలో నాట్కో క్యాన్సర్ సెంటర్ ఉంది, వెళ్లి నొప్పి మందుల గురించి, నర్సు సలహా గురించి అడగండి.

కృష్ణలంక_కరకట్ట | సోమవారం, సాయంత్రం 6:05

పిన్నిగారూ, మా ఆవిడ చెయ్యి మానింది, మచ్చ ఉంది. వేళ్లు పూర్తిగా ముడవలేదు, జడ వేసుకోలేదు, నేనే వేస్తున్నా. సిస్టర్‌గారూ, మీరు తప్పును తప్పు అన్నారు, అది చాలు. ఆసుపత్రిలో ఒక్కళ్లూ ఆ మాట అనలేదు. అని ఉంటే ఇంత మంట ఉండేది కాదు నాకు.

బ్రాడీపేట_నాలుగోలైను | బుధవారం, రాత్రి 9:10

నిన్న తమ్ముణ్ణి కూర్చోబెట్టుకుని పలక ఇచ్చాను. నాన్న చాలాసేపు చూసి, "మీ అమ్మకి ఎవరు చెప్తారు?" అని రాశారు. అమ్మకి తెలుసు నాన్నా అన్నాను. తల ఊపి, పలక తుడిచి, "యార్డు బాకీ 18 వేలు రావాలి, కాగితం పంచె అరలో" అని రాశారు. తమ్ముడు లేచి బయటికెళ్లిపోయాడు. ఇవాళ పొద్దున మాత్రం వాడే నోరు తుడిచాడు.

మెట్రోనిడజోల్ పనిచేసింది, వాసన సగానికి సగం తగ్గింది. బ్యూరో అమ్మాయికి ట్రే సర్దడం నేర్పాను, ఇప్పుడు మాస్కుతోనే వస్తోంది.

ఒక సందేహం. మార్ఫిన్ మా వీధి మెడికల్ షాపులో లేదన్నారు. మందు ఇంకో వారానికే ఉంది, ఆ తర్వాత పండగ సెలవులు. ఎక్కడ దొరుకుతుంది?

అమరావతిరోడ్_డాక్టరు | బుధవారం, రాత్రి 10:00

మామూలు షాపుల్లో ఉండదు. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం (మత్తుమందుల నియంత్రణ చట్టం) వల్ల లైసెన్సుల గొడవ ఎక్కువై చాలా ఆసుపత్రులు పెట్టుకోవడమే మానేశాయి. 2014లో సవరించి తేలిక చేశారు, గుర్తింపు పొందిన ఆసుపత్రులు నేరుగా పెట్టుకుని ఇవ్వచ్చు. మీకు రాసిన ఆసుపత్రి ఫార్మసీలోనే అడగండి. చీటీ, పేషెంటు ఐడీ కార్డు, మిగిలిన మాత్రల స్ట్రిప్పు తీసుకెళ్లండి. నాన్నగారిని తీసుకెళ్లక్కర్లేదు, మీరు వెళ్తే చాలు. సెలవులకి ముందే వెళ్లి, సెలవులు దాటేదాకా సరిపడా రాయమనండి. ఇంట్లో పిల్లలకి అందకుండా తాళం వేసి పెట్టుకోండి.

బ్రదర్_సత్తెనపల్లి | బుధవారం, రాత్రి 10:20

అక్కా, ఫార్మసీకి వెళ్లినప్పుడే ముక్కులోంచి వేసే రైల్స్ ట్యూబు ఒకటి, 50 మిల్లీలీటర్ల సిరంజీలు రెండు కొనిపెట్టుకోండి. ముందు ఇప్పుడున్న ట్యూబు మీద నంబరు చూసుకోండి, అదే నంబరు తీసుకోండి. మార్చే రోజు దగ్గరపడితే మెసేజ్ పెట్టండి, ఆదివారాలు నాకు ఆఫ్, గుంటూరు వస్తుంటాను.